బర్రె సికింద్రాబాదు చేరేలోపు

సికింద్రాబాదు మొత్తం మీద పెళ్లి వీడియోలు తీసే బ్రహ్మచారి కెమెరా ముందు నిలబడి ముఖం నల్లబడ్డ మనిషి ఒక్కడంటే ఒక్కడు లేడు. ఈ మాట ఆయనే అంటాడు, అడగకపోయినా అంటాడు. మోండా మార్కెట్లో వంకాయలు ఏరుతూ అన్నాడొకసారి, అమ్మే ఆవిడ విననట్టే తూచి సంచిలో పోసింది. ఇంట్లో లచ్చమ్మ ముందు మాత్రం అనడు, పెళ్లానికి అన్నీ గుర్తుంటాయి కాబట్టి. ఈ ఫిబ్రవరి సాయంత్రం ఐదున్నరకు మెట్టుగూడలో హెన్రీ ఇంటి వరండాలో మూడుకాళ్ల స్టాండు మీద కెమెరా బిగిస్తూ అలవాటు కొద్దీ అనబోయాడు గానీ, ఎదురుగా పేముకుర్చీలో కూచున్నది హెన్రీ అని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. హెన్రీ ముందు ఆ మాట చెల్లదు. ఎందుకు చెల్లదో దారిలో వస్తుంది, తొందరేం లేదు. తొందరంతా వెలుగుదే.

రేపు పొద్దున ఎనిమిదింటికి హెన్రీ గొంతులోంచి మాటపెట్టె తీసేస్తారు. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడట, ఇక్కడ కోస్తాం, ఇక్కడ రంధ్రం పెడతాం, ఊపిరి ఇందులోంచి వస్తుంది, మాట ఇక రాదు అని. మెషినుతో మాట్లాడొచ్చునని కూడా చెప్పాడు గానీ హెన్రీ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఊగే బల్లకాలి కింద ఎత్తు పెట్టుకున్నాడు. రైలింజనులో ముప్పై ఎనిమిదేళ్లు కూచున్న మనిషి, ఇంజను చప్పుడు మీదుగా మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరిదాకా వినిపించే మనిషి. ఇప్పుడా గొంతు బొంగురుపోయి, చెక్కపేడు మీద ఇసుక కాగితం రుద్దినట్టు వస్తోంది. లాలాగూడ వర్క్‌షాపులో వడ్రంగిగా ఉన్న రోజుల నుంచీ చారికి ఆ గొంతు తెలుసు, రైలుపెట్టెలో చెక్కబల్ల బిగిస్తుంటే అవతలి షెడ్డులో హెన్రీ నవ్వితే ఇవతల తన చేతిలో మేకు వంకరపోయేది. మొన్న ఆదివారం హెన్రీ భార్య డోరా వాళ్లింటికొచ్చి లచ్చమ్మ ఇచ్చిన చాయ్ తాగకుండానే, "అన్నా, ఆయన చెప్పే అబద్ధాలల్ల ఒక్కటి పట్టియ్యరాదూ. ఆ బర్రెది" అంది. ఇంకేమీ అనలేదు. చారి దాన్ని వీడియో తీయమన్నట్టు విన్నాడు. అరవై పెళ్లిళ్లు తీసినవాడికి ఏదైనా అలాగే వినిపిస్తుంది.

కెమెరాకు ఆటో అని ఒక గడి ఉంటుంది. అక్కడ పెట్టి వదిలేస్తే వెలుగు సంగతి అదే చూసుకుంటుంది, కొత్తల్లుడికి ఇంటిపెత్తనం అప్పగించినట్టు. గేటు ముందు నుంచి ఒక తెల్లచొక్కా పోయినా చాలు, బొమ్మంతా మసకబారి మళ్లీ తేరుకుంటుంది, ఆయాసపడే మనిషి రొమ్ములాగ. హెన్రీ ముందు అలాంటిది వద్దనుకున్నాడు చారి. అందుకే చేత్తోనే అన్నీ. షట్టరును యాభై దగ్గర కట్టేశాడు, దాన్ని కదిపితే హెన్రీ చేతుల ఊపు ముక్కలు ముక్కలుగా తెగుతుంది. ఐఎస్ఓ వంద దగ్గర పెట్టాడు, దాన్ని పెంచితే వెలుగు వస్తుంది గానీ బొమ్మ మీద రవ్వ చల్లినట్టు గరగర వస్తుంది. మిగిలింది లెన్సు కంటిపాప. హెన్రీ ఎడమ చెంప మీదికి జూము లాగి, ఆ చెంపకు ఎంత వెలుగు కావాలో అంతకే, ఐదు పాయింట్ ఆరు దగ్గర ఆపాడు. ఈ కంటిపాప మన కంటిపాపకు చెల్లెలే, పొద్దు వాలేకొద్దీ పెద్దది కావాలి, కాకపోతే మనది తనంతట తాను విచ్చుకుంటుంది, దీన్ని వేలితో చక్రం తిప్పి విప్పాలి. తిప్పినప్పుడల్లా టిక్కుమంటుంది. మనుషుల చెవికి అదొక చప్పుడే కాదు. కెమెరా మైకుకు మాత్రం అది చెంపదెబ్బ. కాలరుకు పెట్టే చిన్న మైకు జేబులో ఉంది, దాన్ని తీసి హెన్రీ మెడ దగ్గరికి తేబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "గొంతు మీద ఇంకేం పెట్టకు చారీ. రేపటి సంది పెట్టేటోళ్లు పెడ్తరు." అంతే, చారి దాన్ని జేబులో వేసుకున్నాడు. నిమిషం పాటు ఉత్తుత్తి వీడియో తీసి, ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని వింటే హెన్రీ దగ్గు వెనకాల చక్రం టిక్కు టిక్కుమంటూ వినిపించింది. డోరా కూడా విని, మా గోడ మీది బల్లి సుత గింత గట్టిగ అరవదు అంది. అయినా చారి భయపడలేదు. బర్రె కథ ఎప్పుడు చెప్పినా ఇరవై నిమిషాలు. పొద్దు గూకేది ఆరుంపావుకు. ఫ్యాను ఆపించాడు, ఫ్రిజ్జు ప్లగ్గు తీయించాడు, వరండా ట్యూబులైటు వెలిగిస్తే దాని చోకు తేనెటీగల పట్టులా గీ పెడుతుంది కనుక, ఏం జరిగినా స్విచ్చు ముట్టుకోవద్దని డోరాను గడపలో కూచోబెట్టాడు. ఎర్రచుక్క వెలిగింది. హెన్రీ గొంతు సవరించుకుని, "ఆలేరు గేటు కాడ" అని మొదలుపెట్టాడు.

ఆలేరా. చారి వాలుతున్న ఎండ వైపు చూశాడు. నలభై ఏళ్ల కిందట షెడ్డు క్యాంటీన్లో హెన్రీ మొదటిసారి చెప్పినప్పుడు ఆ బర్రె రైలు వెంట పడింది మౌలాలీలో. అక్కడి నుంచి సికింద్రాబాదు స్టేషను ఎంత దూరం, బర్రె ఆవులించేలోపు వచ్చేస్తుంది. హెన్రీ కూతురు ఫెయిత్ పెళ్లి నాటికి అది ఘట్‌కేసర్‌లో ఎక్కడం మొదలుపెట్టింది, ఎక్కడమంటే రైలు కాదు, కథ. పింఛను వచ్చాక ఎప్పుడో బీబీనగర్‌కు జరిగింది. ఇవాళ ఏకంగా ఆలేరు. మధ్యలో భువనగిరి ఉంది, బీబీనగర్ ఉంది, ఘట్‌కేసర్, చర్లపల్లి, మౌలాలీ అన్నీ ఉన్నాయి, పైగా అది గూడ్సు బండి, సిగ్నలు సిగ్నలుకూ ఆగుతుంది. ఆలేరు గేటు దగ్గర మంచు ఎంత గట్టిగా పట్టిందంటే బొగ్గుపారతో కోసి పక్కన పెట్టుకుంటూ పోవలసి వచ్చిందట. ఆ ఇంజను కూతపెట్టే కవాటంలో చిన్న లోపం ఉండి, గొలుసు లాగితే కూత సగంలో విరిగి దూడ అరిచినట్టు వచ్చేదట. గేటు పక్క పొలంలో ఒక బర్రె, దాని దూడను అంతకు వారం ముందే పట్నం పాలవాళ్లు తోలుకుపోయారు. హెన్రీ గొలుసు లాగాడు. బర్రె తల ఎత్తింది. ఇక్కడి దాకా చెప్పి హెన్రీ చెయ్యి గాల్లోకి ఎత్తి అలాగే ఉంచేశాడు, ఆ చేతి వేళ్ల సందుల్లోంచి జామచెట్టు మీది ఎండ పచ్చగా కనిపించింది, చిన్న తెరలో ఆ ముఖం ఎంత బాగా కుదిరిందంటే చెంప మీది పాత కాలిన మచ్చ కూడా తెలుస్తోంది, ఇదే, ఇదే నిలవాలి, చారి లోపల ఎవరో రెండు చేతులూ జోడించారు.

ఎండను నిలబెట్టడం ఒకప్పుడు చారికి వచ్చు. జనగామ దగ్గర వాళ్ల ఊరి బడికి గడియారం లేదు, పైకప్పులో ఒక పెంకు లేదు. ఆ కంతలోంచి రూపాయి బిళ్లంత ఎండ పడి, పొద్దు తిరిగేకొద్దీ నేల మీద నడిచేది, ఎవరూ తరుముతున్నట్టుండదు, కానీ ఆగేది కాదు. అది పంతులుగారి ముక్కాలిపీట కాలికి తగిలితే బడి వదిలేవారు. అందరూ ఎక్కాలు పైకి చెబుతూ లోపల ఆ బిళ్లనే చూస్తుండేవారు. ఒకరోజు పంతులుగారు బయటికి వెళ్లినప్పుడు చారి లేచి పీటను జానెడు ముందుకు జరిపాడు. బడి గంట ముందే అయిపోయింది. పిల్లలు ఇళ్లకు పోతే తల్లులు ఇంకా వంట కాలేదన్నారు, పశువులు తిరిగి రాలేదు, ఊళ్లో సగం మందికి కాలం తప్పిందని చారి ఇప్పటికీ చెబుతాడు. మర్నాడు పంతులుగారు కొట్టలేదు. ఆ చేతులకు తీట ఎక్కువైంది, వాటి మీదే కూచో అన్నారు. అరచేతులు నేలకేసి వాటి మీద కూచుని పదమూడో ఎక్కం చెప్పాడు చారి, వేళ్లకు తిమ్మిరెక్కి, తిమ్మిరి మెల్లగా నిద్రలా మోచేతుల దాకా పాకి, ఎండ బిళ్ల కళ్ల ముందు రెండుగా, నాలుగుగా, మేడారం బెల్లం ముద్దంతగా ఉబ్బి... భువనగిరి, అన్నాడు హెన్రీ. బండి భువనగిరిలో ఆగింది. జామచెట్టు మీద ఎండ లేదు.

ఎండ పోయాక కూడా కాసేపు వెలుగుంటుంది, ఆకాశం దగ్గర మిగిలింది. అది ముఖాల మీద చాలా మెత్తగా పడుతుంది, పెళ్లికూతుళ్లకు ఆ పది నిమిషాల కోసమే చారి పెళ్లివారిని పరేషాన్ చేసేవాడు. పెళ్లికూతుళ్లంటే పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. ఫెయిత్ పెళ్లి దాకా ఆయన చూసిన పెళ్లికూతుళ్లంతా ఆ రంగుల్లోనే ఉన్నారు. ఫెయిత్ తెల్లగౌనులో వచ్చింది. కెమెరాకు ఒక తిక్క ఉంది, దానికి ఏం చూపించినా లోకమంతా బూడిదరంగు అనుకుంటుంది, తెల్లటిది చూపిస్తే ఇంత వెలుగెక్కడిదని కళ్లు మూసుకుంటుంది. ఆ గౌను వెనక నాలుగు గజాలు, ముందు రెండు గజాలు, తెరలో అదే నిండిపోయింది. చారి ఆటోలో పెట్టి, చర్చిలో జనం పాడుతున్న పాట బాగుందని వింటూ నిలబడ్డాడు. తర్వాత టీవీలో వేసి చూస్తే ఫెయిత్ తెల్లగౌను ఒకటి, హెన్రీ నల్లకోటు ఒకటి చేతులు పట్టుకుని నడిచి వస్తున్నాయి, పైన తలలుండాల్సిన చోట రెండు బొగ్గుముక్కలు. కాబట్టి ముఖం నల్లబడ్డవాడు ఒక్కడూ లేడన్నది పూర్తిగా నిజమే. ఒక్కడు కాదు, నూట పద్దెనిమిది మంది, ఆ పెళ్లికి వచ్చినవాళ్లంతా. చారి ఆ క్యాసెట్టు పట్టుకుని ఈ వరండాలోకే వచ్చి నిలబడితే హెన్రీ చూసి నవ్వి, "ఇంజన్ డ్రైవర్ మొహం గిట్లనే ఉంటది చారీ. కూచో, చాయ్ తాగు" అన్నాడు. ఆ తర్వాత ఇంటికెవరొచ్చినా ఆ క్యాసెట్టు వేసేవాడు. పక్కన కూచుని చెప్పేవాడు, ఇదిగో ఇక్కడ ఫెయిత్ నవ్వుతుంది చూడండి, ఇక్కడ నా కంట్ల నీళ్లొచ్చినయి, ఇక్కడ డోరా నా బూటు లేసు ఊడిందని సైగ చేస్తుంది, మా బామ్మర్ది అప్పుడే ఆవలిస్తుండు. చూసేవాళ్లు అవునవును అనేవారు. చారి కూడా ఒకసారి అన్నాడు. బొగ్గుముక్కలో ఫెయిత్ నవ్వు నిజంగానే కనిపించింది. కానీ మొదట టీవీలో చూసిన ఆ రాత్రి లచ్చమ్మ ఏమీ అనకుండా అటు తిరిగి పడుకుంది, ఆ అనకపోవడం ఇరవై రెండేళ్లుగా చారి చెవిలో ఉంది. ఒక్కసారి, ఒక్కసారి హెన్రీ ముఖం సరిగ్గా చెయ్యాలి. అందుకే ఇవాళ.

బీబీనగర్ వచ్చేసరికి తెర మీద హెన్రీ చెంపకూ వెనక గోడకూ తేడా తగ్గింది. కాలిన మచ్చ మాయమైంది. ఆరు టిక్కులు, చారి మనసులో లెక్కేశాడు, ఆరు టిక్కులు తిప్పితే కంటిపాప పూర్తిగా విచ్చుకుంటుంది, ఆ తర్వాత ఐఎస్ఓ, రవ్వ పడితే పడనీ. వేలు చక్రం మీద పెట్టాడు. హెన్రీ బర్రెకు నీళ్లు తాగించడానికి ఇంజనులోంచి నీళ్లు వదులుతున్నాడు, ఆ చప్పుడు నోటితో చేస్తున్నాడు, ఆ చప్పుడు కింద చారి ఒక్కటి తిప్పాడు. టిక్కు. హెన్రీ ఆగాడు. చారి చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టయింది. హెన్రీ వేలితో కుర్చీ చెయ్యి మీద మూడుసార్లు తట్టి, "ఇన్నవా, బల్లి సుత అవునంటున్నది. బర్రె నీళ్లు తాగింది నిజం" అన్నాడు. గడపలో డోరా నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ నవ్వుకు హెన్రీ కూడా నవ్వబోయి, నవ్వు దగ్గయి, దగ్గు ఎంతకీ ఆగక, కుర్చీ పట్టుకుని వంగిపోయి, మళ్లీ తేరుకుని లేచేసరికి గొంతు సగం కూడా మిగల్లేదు. ఘట్‌కేసర్ నుంచి గుసగుసగా చెప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడు తెలిసింది చారికి. బర్రె ఆలేరులో ఎందుకు ఎక్కిందో, భువనగిరిలో సిగ్నలు ఎందుకంతసేపు ఇవ్వలేదో, ప్రతి స్టేషనులోనూ స్టేషను మాస్టరు దిగొచ్చి బర్రె పేరు, దాని తండ్రి పేరు ఎందుకు అడుగుతున్నాడో. బర్రె సికింద్రాబాదు చేరితే కథ అయిపోతుంది. హెన్రీ దాన్ని చేరనివ్వడం లేదు. పంతులుగారి పీటను జరిపినట్టు జరుపుతున్నాడు, ఎండ బిళ్ల అంటకుండా వెనక్కి, ఇంకా వెనక్కి. బర్రె ఇప్పుడు చర్లపల్లి దాటుతూ గడ్డి కోసం కాదు, ఊరికే, ఆకాశం చూడ్డానికి ఆగింది. తెరలో హెన్రీ ముఖం పోయింది, చొక్కా మెడపట్టీ ఒక్కటే బూడిదగా తేలుతోంది. చారి వేలు మళ్లీ చక్రం మీదికి పోయింది. ఇంకా ఐదు టిక్కులున్నాయి, ఐదు తిప్పితే ముక్కు వస్తుంది, నుదురు వస్తుంది, కళ్లు వస్తాయి. కానీ ఆ గుసగుస ఎంత సన్నగా ఉందంటే, ఒక్కొక్క మాటా సూదిలోంచి దారం లాగినట్టు వస్తోంది, ఏ టిక్కు ఏ మాట మీద పడుతుందో. దూడ అనుకున్న ఇంజనుతో బర్రె ఏమందో చెబుతున్నాడు. ఈ ముక్క కథలో ఎప్పుడూ లేదు. గడపలో డోరా ముందుకు వంగి వింటోంది. ఆయన అబద్ధాలల్ల ఒక్కటి పట్టియ్యరాదూ అంది కదా ఆవిడ. ముఖం అనలేదు. ముఖం రేపు పొద్దున తొమ్మిదింటికీ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది, రోజూ గడ్డం గీస్తూ అద్దంలో చూసుకుంటాడు. చారి వేలు చక్రం మీద నుంచి తీశాడు. అది నిలవలేదు, మళ్లీ పోయింది, ఇన్నేళ్ల అలవాటు దానిది. అప్పుడాయన చప్పుడు కాకుండా వెనక ముక్కాలిపీట మీద కూచుని, రెండు అరచేతులూ తొడల కింద పెట్టి వాటి మీద కూచున్నాడు, పంతులుగారు చెప్పినట్టు.

చీకటి మెల్లగా వరండాలోకి వచ్చి అందరి మధ్యా సర్దుకుంది. డోరా చెయ్యి ఒకసారి స్విచ్చు వైపు లేచింది, చారి తల అడ్డంగా ఊపాడు, చేతులు ఖాళీ లేవు కదా. ఆ చెయ్యి దిగిపోయింది. మౌలాలీ. లాలాగూడ. బండి సికింద్రాబాదులో ఆగింది, కూలీలు దిగారు, సరుకు దిగింది, ఇంజను చల్లారింది. ప్రతిసారీ ఇక్కడ టికెట్ కలెక్టరు వచ్చి బర్రెను టికెట్టడిగేవాడు, అందరూ నవ్వేవారు. ఇవాళ కలెక్టరు రాలేదు. ఇంజను పక్కన బర్రె నిలబడింది, అంతే. ఇంజన్లో ఆవిరి లేదు, కూత లేదు, అయినా కదల్లేదు. తోలినా పోలేదు. హెన్రీ గుసగుస ఆగింది. ఎర్రచుక్క ఒక్కటే ఆ చీకట్లో రెప్ప వేస్తోంది. అప్పుడు హెన్రీ ఊపిరంతా పోగేసి, రెండు అరచేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, ఆ ఇంజను కూత పెట్టాడు, సగంలో విరిగి దూడలా అరిచే ఆ కూత. వీధి చివర కుక్కలు లేచాయి. సరిగ్గా అదే క్షణాన లాలాగూడ వైపు నుంచి వచ్చే బండి వెలుగు వరండా గోడ మీదుగా చుట్టి హెన్రీ ముఖం మీద పడింది, కాలిన మచ్చా, తడిసిన కళ్లూ, నవ్వూ, అన్నీ, ఒక్క లెక్క కూడా తప్పకుండా, తెర నిండా. పోయింది. "చేరింది చారీ. ఇగ బంద్ చెయ్యి" అన్నాడు హెన్రీ. చారి చేతులు తిమ్మిరెక్కి, నొక్కడానికి కాసేపు పట్టింది.

ఇందులో ఆ బండి వెలుగు నేను కల్పించింది. హెన్రీ ఇంటికీ పట్టాలకూ మధ్య రెండు వీధులున్నాయి, ఒక మూడంతస్తుల ఇల్లుంది, ఏ బండి వెలుగైనా అంత దూరం వచ్చి ఆ మలుపులన్నీ తిరగదు. మిగిలిందంతా జరిగినట్టే చెప్పాను, మంచును పారతో కొయ్యడం సంగతి నా పూచీ కాదు, అది హెన్రీని అడగాలి. అడిగితే ఇప్పుడు పలక మీద రాసి చూపిస్తాడు, మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టుకుని. ఆ వీడియోలో నలభయ్యో నిమిషం తర్వాత తెర మొత్తం నలుపే, చూడ్డానికి ఏమీ లేదు. అయినా ఇంటికెవరొచ్చినా వేస్తారు. గొంతు ఆలేరు అనగానే హెన్రీ పలక ఎత్తి ఆలేరు అని రాసి, అది కొట్టేసి జనగామ అని రాస్తాడు. చివర్లో కూత వచ్చే చోటికి డోరా ఎప్పుడూ ఒక పని చేస్తుంది, నేను మూడుసార్లు పక్కనే కూచుని చూశాను, ఇది కల్పన కాదు. ఆ నల్లటి తెర ముందు, కూత వినపడగానే, ఎదురుగా వెలుగు పడ్డట్టు కళ్లు చికిలించి, చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.